మూడు డబ్బాల రాజీ

ఆఫీసు కాగితాల్లో దాని పేరు ఆల్ టెరైన్ వెహికల్. వీధిలో దాని పేరు కప్ప. పొట్టిగా, వెడల్పుగా, నాలుగు లావుపాటి చక్రాల మీద చతికిలబడి కూర్చున్నట్టు ఉంటుంది. స్టీరింగు చక్రం ఉండదు. మోటారుసైకిలుకున్నట్టు హ్యాండిలు, ఎడమ చేతికి క్లచ్చి, కుడి చేతికి యాక్సిలరేటరు. కొండ మీద వాతావరణ కేంద్రంలో గాలి వేగమూ వాన కొలతా రాసుకుంటూ ఇద్దరు మనుషులుంటారు. వాళ్ళకి తాగేనీళ్ళూ, బ్యాటరీలూ, ఉత్తరాలూ మోసుకెళ్ళేది ఈ కప్పే. పదకొండేళ్ళు దాన్ని నడిపినవాడు టైలరమ్మ భర్త.

ఆయన పోయి రెండు నెలలైంది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి పోయాడు. ఆ జబ్బుకీ కప్పకీ ఏ సంబంధమూ లేదు. అయినా పరామర్శకు వచ్చినవాళ్ళలో సగంమంది షెడ్డులోకి తొంగిచూసి, కప్ప వంక అదోలా చూసి మరీ వెళ్ళారు. మనిషి పోయినప్పుడు ఏదో ఒకదాన్ని తప్పు పట్టకపోతే కొందరికి తాగిన టీ అరగదు.

ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పని ఆయన భార్య చేయదలిస్తే ఒక పరీక్ష ఉంటుంది. గురువారం ఉదయం పదింటికి సూపర్‌వైజరు వస్తాడు. ఎనభై కిలోల బరువు వేసుకుని కొండ ఎక్కి దిగి రావాలి. ఎక్కితే ఉద్యోగం ఆమెది, కప్ప ఆ షెడ్డులోనే ఉంటుంది. ఎక్కకపోతే అదే రోజు సాయంత్రం ఐదింటికి లారీ వచ్చి కప్పని ఇంకో కేంద్రానికి పట్టుకుపోతుంది.

టైలరమ్మకి నడపడం వచ్చు. సెలవు రోజుల్లో ఆయన వెనక కూర్చుని ఆమె చేత పది పన్నెండుసార్లు కొండ ఎక్కించాడు. ఆమెకి కావలసింది ఉద్యోగం మాత్రమే అయితే కుట్టుమిషను ఉంది, జాకెట్లూ లంగాలూ ఉన్నాయి, ఎలాగో గడిచిపోతుంది. కానీ ఐదింటికి లారీ వచ్చి కప్పని ఎత్తుకుపోవడమన్నది ఆమె ఊహకి అందడం లేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

రెండు నెలలు కదలకుండా ఉన్న బండి. ముందు ఆయిలు మార్చాలి. మంగళవారం మధ్యాహ్నం విడిభాగాల దుకాణానికి వెళ్ళింది.

"ఏ బండికమ్మా?" అన్నాడు దుకాణందారు, చేతిలో బోల్టులు ఏరుకుంటూ తలెత్తకుండా.

"కప్పకి."

"అయ్యో, ఇంట్లో మగవాళ్ళనెవరినైనా పంపకపోయారా?"

"మగవాళ్ళొస్తే ఆయిలు మారుతుందా?"

"ఆయిలు మారదులెండి. నాకు చెప్పడం తేలికవుతుంది."

"మీరేం చెప్పక్కర్లేదు. మూడో అరలో ఎడమ పక్క డబ్బా. చిక్కదనం టెన్ డబ్ల్యూ ఫార్టీ. డబ్బా వెనక చిన్న గడిలో ఎంఏ అని రెండక్షరాలుండాలి. ఉంటే రెండు లీటర్లివ్వండి."

దుకాణందారు డబ్బా తీసి వెనక్కి తిప్పాడు. అన్నేళ్ళుగా అమ్ముతున్న డబ్బా వెనక ఏముందో ఆయన చదవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. కళ్ళద్దాలు పైకీ కిందికీ జరుపుకుని, "ఉంది" అన్నాడు, ఆ అక్షరాలు తనే అచ్చు వేయించినంత గంభీరంగా.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ ఆమెకి బంధువులున్నారు.

బుధవారం మూడింటికి ముగ్గురు వచ్చారు. ముందుగా బావగారు, భర్తకి అన్న. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు హాజరు పట్టీ రాసి రిటైరైనవాడు. బస్సు కిందికి ఒక్కసారి కూడా దూరి ఎరగడు. అయినా ముప్ఫై ఏళ్ళు బస్సుల మధ్య కూర్చున్నందుకు బస్సుల జ్ఞానమంతా పడిశంలా తనకి అంటుకుందని ఆయన నమ్మకం. డిపో పీపాలోంచి వంపించిన చిక్కటి ఆయిలు ఒక పాత డబ్బాలో పట్టుకొచ్చాడు.

రెండోవాడు చిన్నమామ, భర్తకి మేనమామ. పిండిమర నడిపాడు. ఏ ఆయిలైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, కళ్ళు మూసుకుని, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడు. ఆ వేళ్ళ చలవ వల్ల పిండిమర ఇంజను మూడుసార్లు విప్పి కట్టించాల్సి వచ్చింది. ఆ సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తరు. డీజిలు ఇంజనుకి వాడే ఆయిలు తెచ్చాడు.

మూడోవాడు ఆమె సొంత తమ్ముడు. కార్ల షోరూములో కార్లు అమ్ముతాడు. మెడలో టై, చేతిలో ఫోను. షోరూములో అన్నిటికంటే ఖరీదైన డబ్బా తెచ్చాడు. దాని మీద వెండిరంగు కారు బొమ్మ, కింద ఇంధనం ఆదా అన్న ముక్క.

బావగారు షెడ్డులోకి అడుగుపెట్టగానే అరమీద ఆమె తెచ్చిన రెండు డబ్బాలూ చూశాడు. వాటి మీద మోటారుసైకిలు బొమ్మ ఉంది.

"ఇదేంటమ్మాయ్! మోటారుసైకిల్ది తెచ్చావు?"

"దీనికి అదే వాడాలి బావగారూ. ఆయన ఎప్పుడూ ఎంఏ అని రాసున్నదే పోసేవారు."

"ఎంఏనా! మా డిపోలో ఆయిలు పదో తరగతి కూడా పాసవ్వలేదు. లక్షల కిలోమీటర్లు తిరిగింది" అన్నాడు బావగారు. తన జోకుకి తనే ముందుగా నవ్వాడు. చిన్నమామ ఆలస్యంగా నవ్వాడు. ఆయన అన్నిటికీ ఆలస్యంగానే నవ్వుతాడు, పక్కవాడి ముఖం చూసుకుని.

"అక్కా, లాజిక్కు చూడు" అన్నాడు తమ్ముడు. "దీనికెన్ని చక్రాలు? నాలుగు. కారుకెన్ని? నాలుగు. మోటారుసైకిలుకెన్ని?"

"మంచానికీ నాలుగు కాళ్ళున్నాయిరా. దానిక్కూడా పోస్తావా ఆ ఆయిలు?"

"నువ్వలా మాట్లాడితే నేనేం చెప్పను!"

ఆమె ఓపిక పట్టి, ఆయన తనకి చెప్పినట్టే చెప్పింది. కారులో ఇంజనుదీ క్లచ్చిదీ వేరు కాపురం. ఇంజను ఆయిలు ఇంజనుకే, క్లచ్చి పొడిగా దాని గదిలో అది ఉంటుంది. కప్పలో ఉమ్మడి కాపురం. ఇంజనూ, గేర్లూ, క్లచ్చి ప్లేట్లూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. క్లచ్చి ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే బండి ముందుకి పోతుంది. కారు ఆయిల్లో నున్నదనం కోసం ఏదో కలుపుతారు. అది ప్లేట్ల మధ్యకి చేరితే పట్టు జారిపోతుంది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఎంఏ అని ఉన్నదాంట్లో ఆ జారుడు మందు ఉండదు.

ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. చిన్నపిల్ల పద్యం అప్పజెబితే వినేంత శ్రద్ధగా.

"మావాడు నీకు మంచి మంచి కథలు చెప్పేవాడే" అన్నాడు బావగారు చివరికి.

చిన్నమామ ఆమె డబ్బా మూత తీసి, వేలు ముంచి, రుద్ది, కళ్ళు మూసుకున్నాడు. "పల్చన. దీంట్లో జీవం లేదు కోడలా" అన్నాడు. ఆ తర్వాత తమ్ముడి ఆయిలు రుద్ది అందులోనూ జీవం లేదన్నాడు. అది ఆమె తెచ్చినదానికంటే పల్చనిది. తమ్ముడికి రోషం వచ్చింది. ఫోనులో ఏదో వీడియో పెట్టాడు. అందులో ఒక మనిషి ఎర్ర కారు పక్కన నిలబడి చేతులు తిప్పుతున్నాడు. బావగారు ఆ మనిషి ఏ డిపోలో పని చేశాడని అడిగాడు. ఇలా గంటసేపు నడిచింది. ఈ గంటలో కప్పకి సంబంధించిన పుస్తకం గోడ మేకుకి వేలాడుతూనే ఉంది. దాన్ని తీసి చూద్దామన్న ఆలోచన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. పుస్తకం చూస్తే తనకి తెలియదని ఒప్పుకున్నట్టవుతుందని ముగ్గురి భయం.

ఆఖరికి బావగారు గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడంటే రాజీ రాబోతోందని అర్థం.

"ముగ్గురం ఇంత దూరం నుంచి మోసుకొచ్చాం. ఒకరి మాట నిలబెట్టి ఇంకొకరి మాట తీసెయ్యడం ఏం మర్యాద? రెండు లీటర్లు పడుతుంది. ముగ్గురివీ సమానంగా పోద్దాం. అందరి మంచీ అందులో చేరుతుంది."

ఈ ఇంట్లో ఏ తగువైనా ఇలాగే తెగుతుంది. ముందుగది గోడలు మూడు రంగుల్లో ఉండటానికి కారణం అదే. నాలుగో గోడకి అభిప్రాయం చెప్పేవాళ్ళు దొరక్క అది తెల్లగా ఉండిపోయింది. ఆయన పోయాక చేయించిన ఫోటో కూడా అలాంటిదే. ముఖం ఒకరు ఎంచారు, కోటు ఒకరు ఎంచారు, వెనక నీలం తెర ఇంకొకరు ఎంచారు. స్టూడియోవాడు మూడూ అతికించి ఇచ్చాడు. ఆ కోటు ఆయన జన్మలో తొడుక్కోలేదు. రోజూ పొద్దున లేచి ఆమె చూసేది ఆ కోటునే.

"ఆయన ఇలా కలిపేవారు కాదు బావగారూ" అందామె.

"వాడు లేడు కదమ్మా" అన్నాడు బావగారు, ఎంతో మెత్తగా.

వాళ్ళు చెడ్డవాళ్ళయితే ఆమె పని సులువయ్యేది. ఆస్పత్రిలో రాత్రుళ్ళు కాపలా కూర్చున్నది తమ్ముడు. కాగితాలన్నీ తిప్పింది బావగారు. చిన్నమామ ఏం చేశాడో గుర్తు లేదు కానీ ప్రతిరోజూ వచ్చాడు. ఆ రెండు నెలల్లో ఎవరు ఏది అడిగినా అలాగే అనడం ఆమెకి అలవాటైపోయింది. ఇప్పుడు కూడా, తన ఎదురుగా తన బండిలో అడ్డమైనదీ పోస్తుంటే, టైలరమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వాళ్ళ తెలివి మీద ఆమెకున్న చిన్నచూపు సంగతి అలా ఉంచితే, ఆ నాలుగు గ్లాసుల టీ తలుచుకుంటే తన మీద తనకే అంతకంటే చిన్నచూపు కలిగింది.

పాత ఆయిలు వంపేసి, కొత్తది టీ గ్లాసుతోనే కొలిచి పోశారు. ఎవరి వాటా ఎక్కువైందో తక్కువైందో తగువు రాకూడదని గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసుకున్నారు. తర్వాత బావగారు కప్పనెక్కి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. వీధి చదునుగా ఉంటుంది. అలాంటి చోట కుర్చీకి చక్రాలు కట్టినా నడుస్తుంది.

"చూశావా ఎంత మెత్తగా పోతోందో!"

"ఆ మెత్తదనం నాది" అన్నాడు తమ్ముడు.

"అడుగునున్న బలం ఎవరిదంటావు?" అన్నాడు చిన్నమామ.

చేతులు దులుపుకుని ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

గురువారం పదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. సన్నటి మనిషి. చంకలో ఫైలు, జేబులో మూడు పెన్నులు. నాలుగు నీళ్ళ డబ్బాలూ, రెండు బ్యాటరీలూ తూకం వేయించి వెనక కట్టించాడు. వీధి వీధంతా బయట నిలబడింది. ఎదురింటి బేకరీ ఆయన ట్రేలు ఓవెన్లో వదిలేసి వచ్చాడు.

రాళ్ళదారి షెడ్డుకి రెండు వందల గజాల దూరంలో మొదలవుతుంది. మొదటి మలుపు దాకా ఎక్కుడు కొంచెమే. టైలరమ్మ మొదటి గేరులో పెట్టి ఎక్కించింది. మలుపు తిరిగి నిటారు దారి మొదలవగానే ఇంజను చప్పుడు పెరిగింది. బండి వేగం పెరగలేదు. ఇంకొంచెం తిప్పింది. చప్పుడు ఇంకా పెరిగింది, బండి నెమ్మదించింది. కాళ్ళ కింద ఏదో జారుతున్నట్టు, కుట్టుమిషను పెడలు తొక్కుతుంటే బెల్టు చక్రం మీద జారినట్టు ఉంది. పక్కనున్న రాయి పక్కనే నిలబడిపోయింది.

కింద నుంచి మూడు గొంతులు ఒక్కసారిగా లేచాయి. "తిప్పు! ఇంకా తిప్పు!"

ఆమె తిప్పలేదు. ఇంజను ఆపి, బ్రేకు వదిలి వదిలి పట్టుకుంటూ, వెనక్కి చూసుకుంటూ, బరువుతో సహా మలుపు దాకా దింపుకుని వచ్చింది. ఎక్కడం కంటే అదే కష్టమైన పని. దాన్ని మెచ్చుకునే తెలివి అక్కడ ఎవరికీ లేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు.

"క్లచ్చి జారుతోంది సార్. ఇంకా తిప్పితే ప్లేట్లు మాడిపోతాయి."

"భయపడింది సార్" అన్నాడు బావగారు. "ఆడపిల్ల కదా, నిటారుగా చూడగానే చెయ్యి వణికింది. అమ్మాయ్, దిగు. తాళం ఇలా ఇయ్యి. రెండో గేరులో ఊపు మీద కొడితే గాల్లో లేస్తుంది."

టైలరమ్మ దిగింది. తాళం తీసి గుప్పెట్లో పెట్టుకుంది.

"ఇవ్వను" అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనరు. చూద్దాం అంటారు, అలాగే అంటారు, తర్వాత మాట్లాడదాం అంటారు.

"ఏంటమ్మాయ్?"

"ఇవ్వనన్నాను బావగారూ. నిన్న మీరు ముగ్గురూ మర్యాదలు కలిపి పోశారు. మీ మర్యాద మీదే కప్ప జారుతోంది. మీరు ఊపు మీద కొడితే గాల్లోకి లేచేది పొగ ఒక్కటే."

"నాది మాత్రం తప్పు లేదు" అన్నాడు చిన్నమామ వెంటనే. "నేను ముందే చెప్పాను, ఆ కారుదాంట్లో జీవం లేదని."

"మామయ్యా, మీ పిండిమర ఆయిలు చూసి ఇంజనే దడుచుకుని ఉంటుంది" అన్నాడు తమ్ముడు.

"నోరు ముయ్యరా కారుబాబూ! టై కట్టుకున్నంత మాత్రాన..."

నిన్న సాయంత్రం ఎవరి వాటా వాళ్ళది అని చెప్పుకున్న ముగ్గురూ ఇప్పుడు వాటాలు వదులుకోవడానికి పోటీ పడ్డారు. టైలరమ్మ వాళ్ళని చూడటం మానేసి సూపర్‌వైజరు వైపు తిరిగింది.

"సార్, లారీ ఐదింటికి కదా. నాలుగింటికి మళ్ళీ ఎక్కిస్తాను."

"పరీక్ష ఒక్కసారే అని రూల్స్‌లో..."

"ఒక్కసారే అని ఉందా? ఈ రోజు అని ఉందా?"

సూపర్‌వైజరు ఫైలు తెరిచాడు. పేజీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. ఆ రోజు ఆ వీధిలో కాగితం మీదున్నది పైకి చదివిన మొదటి మగవాడు ఆయనే. "ఈ రోజు అనే ఉంది" అన్నాడు.

కప్పని షెడ్డు దాకా తోయించింది. తోసినవాళ్ళని బయటికి పంపించి తలుపు దగ్గరగా వేసింది. సూపర్‌వైజరుని మాత్రం వద్దనలేకపోయింది. ఆయన మూలనున్న స్టూలు మీద కూర్చుని ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

కింద బోల్టు విప్పగానే మూడు డబ్బాల రాజీ బొటబొటా తొట్టెలోకి కారింది. నిన్న పోసింది, అప్పుడే నల్లగా ఉంది. క్లచ్చి మూతకి చుట్టూ పదకొండు బోల్టులు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. ఆమె ఒక అట్టముక్క మీద మూత ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడ గుచ్చింది. స్ప్రింగుల బోల్టులు ఒకదాని తర్వాత పక్కదాన్ని కాకుండా ఎదురెదురువి కొంచెం కొంచెంగా వదులు చేసింది. ప్లేట్లు ఒక్కొక్కటీ తీసి, కత్తిరించిన జాకెట్టు ముక్కలు పరిచినట్టు వరస తప్పకుండా కాగితం మీద పరిచింది. ఏడు గరుకువి, ఆరు ఉక్కువి. గరుకువాటి మీద చెయ్యి పెడితే సబ్బు రాసినట్టుంది. మాడిన వాసన రాలేదు. ఇంకో నిమిషం తిప్పి ఉంటే వచ్చేది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు సూపర్‌వైజరు.

"మా ఆయనకి టార్చి పట్టుకునేదాన్ని సార్."

"ఎన్నాళ్ళు?"

"పదకొండేళ్ళు."

ఆయన స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

ప్లేట్లని కిరసనాయిల్లో రెండు మార్లు కడిగింది. తుడవడానికి పోగులు రాలని లైనింగు గుడ్డ ఎంచి తెచ్చుకుంది. ఉక్కువాటిని మెత్తటి గరుకు కాగితంతో కొంచెం రుద్దింది. మూతకీ ఇంజనుకీ మధ్య ఉండే ప్యాకింగు చిరిగిపోయింది. భర్త దాచిన ప్యాకింగు కాగితం మీద మూత పెట్టి గీసి, తన కత్తెరతోనే కత్తిరించింది. బోల్టుల రంధ్రాలకి కాజాలు కోసే ఉలి వాడింది. దుకాణంలో దొరికేదానికంటే అది శుభ్రంగా వచ్చింది.

ముందుగదిలోంచి మూడు గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. డిపో ఆయిలు గొప్పతనం ఒకసారి, పిండిమర చరిత్ర ఒకసారి, ఎర్ర కారు మనిషి ఒకసారి. ఎవరో టీ ఉందా అని అడిగారు. ఆ రోజు ఆ ఇంట్లో టీ లేదు.

పొడి ప్లేట్లని బిగించకూడదు, ముందు మంచి ఆయిల్లో నానాలి. కొత్త డబ్బాలు రెండూ ఇంజనుకి సరిగ్గా సరిపోతాయి. నానబెట్టడానికి వేరే కావాలి. కింది అరలో, స్పానర్ల పెట్టె వెనక, వెతికితే అదే ఎంఏ ఆయిలు సగం డబ్బా దొరికింది. ఆయన పోయినసారి వాడి మిగిల్చింది. మూత తిప్పబోతే రాలేదు. ఆయన ఏ మూతైనా అంత గట్టిగానే బిగించేవాడు. పచ్చడి సీసాల దగ్గర్నుంచి నీళ్ళ కుళాయిల దాకా ఇంట్లో అదొక తగువు. ఆమె గుడ్డ చుట్టి తిప్పింది. రాలేదు. పట్టకారు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. కొంచెంసేపు డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సూపర్‌వైజరు లేచి, ఫోను వచ్చినవాడిలా బయటికి వెళ్ళాడు. ఫోను మోగలేదు.

తర్వాత ఆమె పట్టకారుతోనే మూత తీసింది.

మూడూ ముప్పావుకి అంతా బిగించి, రెండు డబ్బాలూ పోసి, ఇంజను రెండు నిమిషాలు తిప్పి ఆపి, డిప్‌స్టిక్ తుడిచి చూసింది. గీతకి సరిగ్గా ఉంది.

నాలుగింటికి మళ్ళీ వీధంతా వచ్చింది. పొద్దున రానివాళ్ళు కూడా, బండి ఎక్కలేదని విని, ఎక్కకపోవడం చూడటానికి వచ్చారు. లారీ కూడా ముందే వచ్చి వీధి మొదట్లో ఆగింది. డ్రైవరు తాళ్ళు సర్దుకుంటున్నాడు.

మలుపు తిరగ్గానే క్లచ్చి వదిలింది. పట్టుకుంది. అంతే. చప్పుడెంతో కదలికంత. పొద్దున పక్కన నిలబడిపోయిన రాయి వెనక్కి పోయింది, దాని తర్వాతది పోయింది. కింద ఎవరో ఏదో అరిచారు, ఆమెకి వినపడలేదు. వినాలనీ లేదు.

పైన వాతావరణ కేంద్రంవాళ్ళిద్దరూ గేటు దగ్గరే ఉన్నారు. "రెండు నెలలు నీళ్ళు మోసి మోసి నా ఎడమ భుజం కుడి భుజం కంటే పొట్టిదైపోయిందమ్మా" అన్నాడు పెద్దాయన. చిన్నాయన డబ్బాలు దింపుతూ కప్ప తల మీద ఒకసారి తట్టాడు. ఇద్దరూ ఆమె భర్త గురించి ఏమీ అనలేదు. రెండు నెలల్లో ఆమెకి దొరికిన మొదటి మంచి పరామర్శ అది.

దిగి వచ్చి ఆపగానే సూపర్‌వైజరు కప్ప మీదే ఫైలు పెట్టుకుని ఫారం నింపడం మొదలుపెట్టాడు. ముగ్గురు బంధువులూ ఆయన చుట్టూ ఉన్నారు.

"చూశారుగా సార్" అంటున్నాడు బావగారు. "నిన్న పోసింది లోపల బాగా పట్టి ఉంది. పైన కాస్త మోటారుసైకిల్ది పోసినా ఆ బలం ఎక్కడికి పోతుంది?"

సూపర్‌వైజరు వినిపించుకోలేదు. "ఇక్కడొక గడి ఉంది. వాడవలసిన ఇంజన్ ఆయిలు" అన్నాడు.

మూడు నోళ్ళు ఒకేసారి తెరుచుకున్నాయి.

"మిమ్మల్ని కాదు" అన్నాడు సూపర్‌వైజరు, తల తిప్పకుండా. "మేడమ్?"

టైలరమ్మ చెప్పింది. ఆయన రాశాడు. ఎంఏ అన్న రెండక్షరాల కింద గీత గీశాడు. కిందనున్న డ్రైవరు గడిలో ఆమె చేత సంతకం చేయించి, లారీ వైపు చెయ్యి ఊపి వెళ్ళిపొమ్మన్నాడు. డ్రైవరు తాళ్ళు మళ్ళీ చుట్టుకున్నాడు.

జనం చెదిరిపోయాక బావగారు షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో ఆయన డబ్బా ఉంది, ఇంకా లీటరు పైగా మిగిలే ఉంది.

"ఇది ఇక్కడ పెట్టి వెళ్తానమ్మాయ్. ఎప్పుడైనా పనికొస్తుంది. మళ్ళీ మార్చేటప్పుడు మాత్రం ఓ మాట చెప్పు, ముగ్గురం వస్తాం."

"తప్పకుండా రండి బావగారూ. ముందుగదిలో కూర్చుందురు గాని, టీ ఇస్తాను" అంది టైలరమ్మ, ఎంతో మర్యాదగా. "షెడ్డుకి మాత్రం తాళం వేసి ఉంటుంది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈసారి దాని వెనక ఏ రాజీ రాలేదు. డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె చేతులు కడుక్కుంది. గోళ్ళ కింద నలుపు పోలేదు. రేపు మూడు జాకెట్లు ఇవ్వాలి, అంతకుముందు ఏడింటికల్లా ఉత్తరాల సంచీ కొండ ఎక్కాలి. లోపలికి వెళ్ళి, గోడ మీది ఫోటో దింపి, వెనక మేకులు ఊడదీసి, ఆ కోటూ నీలం తెరా ఉన్న బొమ్మని బయటికి లాగింది. ఫ్రేము ఖాళీగా గోడకి ఆనించి పెట్టింది. ఆయన ఫోటో ఏది పెట్టాలో తీరిగ్గా తనే వెతుక్కుంటుంది. ఈ సంగతి ఎవరినీ అడిగేది లేదు.